ఇరవై సెకన్లలో పట్టని షెడ్డు

కోల్డ్ స్టోరేజీ ముందు మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని పన్నెండుమంది ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఎండ నడినెత్తిన ఉంది. ఒకరు తుమ్మితే మిగతావాళ్లు వరసగా అందుకుంటున్నారు. ట్రాక్టరు ట్రక్కు కింద కట్టిన చీర ఉయ్యాలలో, వాళ్లలో ఒకతైన అఖిల కూతురు దగ్గుతోంది. నాలుగు నెలల పిల్ల. ఏడుస్తున్నంతసేపూ గురవమ్మకు దిగులు లేదు. ఏడుపు ఆగి దగ్గు మొదలైతేనే చెయ్యి ఆడదు.

ఈ కూలీల ముఠా గురవమ్మది. తలకు రోజుకు మూడువందల యాభై. నిన్నటిదాకా మూడు రోజులు అదీ లేదు. ఎమ్మెల్యే ఏదో అన్నాడని ఎదుటి పార్టీవాళ్లు గేటు ముందు ధర్నా చేసి పని ఆపేశారు. ధర్నా ఈ కూలీల కోసమేనట. తన కోసం చేసిన పని తన కూలినే ఎందుకు తిన్నదో ఆమెకు ఎన్నిసార్లు వేసుకున్నా లెక్క తేలలేదు.

అంతకు ముందు ఆదివారం ఎమ్మెల్యే ఇక్కడికొచ్చాడు. నీడకు షెడ్డు, చేతులు కడుక్కోను కుళాయి కావాలని గురవమ్మ అడిగింది. ఇదే అడిగితే స్టోరేజీ ఓనరు ఏమన్నాడో కూడా చెప్పింది. ఎమ్మెల్యే మైకు తీసుకుని, "చేతులు మండితే ఇంట్లో కూర్చోండి అంటే ఎట్టా? వాళ్లు కూర్చుంటే మీ బస్తాలు ఎవరు నింపుతారు? నెల తిరక్కుండా ఇక్కడ షెడ్డు లేవాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం టీవీలో మొదటి నాలుగు మాటలే వచ్చాయి. కింద పెద్ద అక్షరాలతో 'ఆడకూలీలకు ఎమ్మెల్యే అవమానం' అని వేశారు. కాయ కొనేవాడెవడూ బస్తా పైన గుప్పెడు చూసి ధర చెప్పడు. మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగు కాయ తీస్తాడు. టీవీ చూసేవాళ్లు పై గుప్పెడే కొన్నారు.

ఇప్పుడు ఎమ్మెల్యే మనిషి వీరబాబు వచ్చి రాశి పక్కన మోటారు సైకిల్ ఆపాడు.

"పెద్దమ్మా, టీవీవోళ్లు వస్తున్నారు. మా అన్న మిమ్మల్ని ఏమీ అనలేదని ఒక్క ముక్క చెప్పు."

"చెప్తా. ఆ మాట ఓనరుది, మీ అన్న షెడ్డు కట్టమన్నాడని చెప్తా."

"ఓనరు ఊసెత్తమాక. మనోడే. షెడ్డు ఊసూ వద్దు." ఫోన్ తీసి చూపించాడు. "ఇదిగో, పూర్తి వీడియో మేమే పెట్టాం."

ఆ పూర్తి వీడియో 'ఎవరు నింపుతారు' దగ్గర ఆగిపోయింది.

"మీరూ కోశారా నాయనా?" అంది గురవమ్మ.

అంతలో కారు దిగి టీవీ విలేకరి త్రినాథ్ కెమెరా మనిషితో వచ్చాడు. గురవమ్మ కొంగుకు చిన్న మైకు తగిలించాడు.

"ఆ మాటకి మీ మనసు ఎంత కష్టపడిందో చెప్పండమ్మా."

"కష్టం ఆ మాటక్కాదు బాబూ. నేను షెడ్డడిగా. అది టీవీలో వేశారా?"

"అంత టైముండదమ్మా. ఇరవై సెకన్లే."

"మా పిల్ల దగ్గుకే చాలవండీ అవి!" అంది అఖిల. ఆడవాళ్లు నవ్వారు.

బాధపడ్డానంటే అబద్ధం. ఎమ్మెల్యే ఏమీ అనలేదంటే నిజమే, కానీ దాంతో షెడ్డు మాట పోతుంది. రెండు తక్కెళ్లలోనూ తరుగు తనకే. గురవమ్మ మైకు ఊడదీసి అతని చేతిలో పెట్టింది.

"నేను చెప్పిందంతా వేస్తానంటే మాట్లాడతా. షెడ్డు మాట కోస్తే మాట్లాడను."

నాలుగింటికి టీ వచ్చింది. అఖిల ఫోన్‌లో గురవమ్మ మొహం కనబడింది. నోరు తెరిచి "మాట్లాడను" అంది, అంతే. కింది అక్షరాలు అఖిల చదివింది: "ఎమ్మెల్యే భయంతో నోరు మూసుకున్న కూలీలు."

కాసేపటికి వీరబాబు వాళ్లు పెట్టిన వీడియో కూడా వచ్చింది. అదే మొహం, అదే మాట. "అబద్ధం ఆడలేక నోరు మూసుకున్న కూలీలు."

"పిన్నీ, నువ్వేందో రెండుసార్లు నోరు మూసుకున్నావంట" అని నవ్వబోయింది అఖిల. గురవమ్మ మొహం చూసి ఆగిపోయింది.

ఉయ్యాలలో పాప మళ్లీ దగ్గింది. గురవమ్మ కళ్లు తుడుచుకోబోయి చెయ్యి మధ్యలోనే ఆపుకుంది. పొద్దుటినుంచీ కాయలు ఏరిన చెయ్యి. కడుక్కోను నీళ్లు లేవు. రెండు చేతులూ మొహానికి దూరంగా పట్టుకుని, కారే కళ్లను కారనిస్తూ అట్లాగే కూర్చుంది.