వాగు దిగని బర్రెలు

చిట్యాల దగ్గర వాగు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో పాడి అంటే హుస్సేన్ బీదే. ఆమె బర్రెల పాలను భర్త లియాఖత్ అలీ సైకిల్‌ మీద చిట్యాల హోటళ్ళకు పోసేవాడు. తొంభైల మొదట్లో వాగు ఎగువన ఒక రసాయనాల ఫ్యాక్టరీ వెలిసింది. దాని మురుగు వాగులో కలిసిన కొన్నాళ్ళకు బర్రెలు ఎదకు రావడం మానేశాయి. చూలు కట్టినవి నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. ఒక దూడ వంకర కాళ్ళతో పుట్టి, పొదుగు అందుకోకుండానే చచ్చిపోయింది.

"ఎవరిదో దిష్టి తాకింది. కటికోనికి అమ్మేద్దాం" అన్నాడు లియాఖత్ అలీ.

"వాడకట్టు బర్రెలన్నిటికి ఒక్కపారే తాకుతదా? గాలయ్య బర్రెలు మంచిగనే ఈనుతున్నయి గద!"

గాలయ్య చేను గుట్ట పక్కన ఉంది. అతని పశువులు బావినీళ్ళే తాగుతాయి.

హుస్సేన్ బీ పశువుల దవాఖానకు వెళ్ళింది. డాక్టరు అమరేందర్ అంతా విన్నాడు.

"నాకూ గా నీళ్ళ మీదనే అనుమానమమ్మా. ఒంట్లో హార్మోన్లను తప్పుదారి పట్టించే మందులు కొన్నుంటయి. ఎద, చూలు, కడుపుల దూడ, అన్నీ ఆగమైతయి. నీళ్ళు పరీక్షకు పంపిస్త. జవాబు ఎప్పుడొస్తదో తెల్వదు. ముందుగాల నీళ్ళు మార్పియ్యి. వాగొడ్డు గడ్డి గూడ కొయ్యకు."

ఆమె నేరుగా గాలయ్య దగ్గరికి పోయి, బర్రెలకు బావినీళ్ళు అడిగింది.

"ఎండకాలం నా మడికే సాలవు చెల్లె" అన్నాడతను.

"పూడిక మేం తీస్తమన్నా. ఊట పెరిగితే నీకూ మంచిదే."

మర్నాడు వాడకట్టంతా బావి దగ్గర చేరింది. కొంగు నడుముకు చుట్టి హుస్సేన్ బీ ముందు దిగింది. మట్టితట్టలు చేతులు మారుతూ పైకెక్కాయి. మోకాలి లోతు ఊట వచ్చేసరికి గాలయ్యే పశువులు తాగడానికి గోలెం కట్టించాడు.

ఆ వానాకాలం ఫ్యాక్టరీ మనిషి ఒకతను హుస్సేన్ బీ ఇంటికొచ్చాడు. "నీళ్ళతోని కాదు, పశువులకు రోగమొచ్చిందని చెప్పుండ్రి. మీ వాడకు బోరు ఏపిస్తం."

"బోరొద్దు సారూ. మా వాగు ఎట్లుండెనో గట్ల చేసియ్యుండ్రి" అంది హుస్సేన్ బీ.

లియాఖత్ అలీకి భయం వేసింది. అయినా ఆమె పక్కనే నిలబడ్డాడు.

చలికాలంలో నొసటి చుక్క బర్రె ఎదకొచ్చింది. ఈసారి చూలు నిలిచింది. నెలలు నిండి, ఒకనాటి పొద్దున నల్లగా నిగనిగలాడే దుడ్డె పుట్టింది. తడబడుతూ లేచి నిలబడి, పొదుగును తలతో కుమ్మింది. హుస్సేన్ బీ దాని కాళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసి, గోడకానుకొని కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో లియాఖత్ అలీకి అర్థం కాలేదు.

జున్ను మొదట గాలయ్య ఇంటికి పోయింది.

ఆ తర్వాత వాగు వెంట ఊళ్ళన్నీ కదిలాయి. నల్లగొండ కలెక్టరాఫీసు ముందు జనం కూర్చుంటే ముందు వరుసలో హుస్సేన్ బీ ఉంది. చివరికి మురుగు గొట్టం మూశారు. వాగు తేరుకోవడానికి ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా ఏ పశువూ అందులోకి దిగకుండా ఊరే ముళ్ళకంప వేసి కాపలా కాసింది.

చిట్యాలలో పాలు పోసేటప్పుడు ఎవరైనా కొత్తవాళ్ళు పేరడిగితే, లియాఖత్ అలీ ఛాతీ విరుచుకొని చెప్పేవాడు:

"హుస్సేన్ బీ ఇంటాయనను."