డ్రమ్ములో రాగి గొట్టం

మా గోడ చెక్కది. మా దీవిలో, ఈ మిడిల్ పాయింట్ పేటలో ఈ ఇల్లు కట్టిన రోజుల్లో సిమెంటు ఓడెక్కి రావాలి, చెక్క మాత్రం ఇక్కడే దొరికేది. ఇంటావిడ యర్రమ్మ పిన్ని మామగారు వెనకవైపు పెద్ద గదికి అడ్డంగా పలకలు కొట్టించి రెండు చేసి అద్దెకిచ్చాడు. ఇటు నేను, పదకొండేళ్ళ నుంచి. అటు శ్రీలక్ష్మి సిస్టర్, అయిదేళ్ళ నుంచి. ఆవిడ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు. నేను పగలు పని చేసుకునేవాణ్ణి, ఆవిడ పగలు పడుకునే మనిషి. మధ్యలో అంగుళం పలక. ఇంకేం చెప్పమంటారు.

నా పని కాంట్రాక్టర్లకి ఇళ్ళ బొమ్మలు చెయ్యడం. ఇంకా కట్టని ఇంటిని కట్టేసినట్టు, గోడల మీద ఎండ పడుతున్నట్టు కంప్యూటర్లో చూపించాలి. ఒక్కో బొమ్మకి మిషను ఆరేడు గంటలు ఆగకుండా నడవాలి. పైన రేకులు, చుట్టూ ఉప్పుగాలి. మిషను లోపలి ఫ్యాన్లు ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి డింగీ పడవ ఇంజన్లా అరిచేవి. చప్పుడు తగ్గించమని సిస్టర్ గోడ మీద కొట్టేది, ఆవాజ్ కమ్ కరో భయ్యా అని. నేను ఊరుకునే రకమా? అబర్డీన్ బజార్లో నాతో గొడవ పడని కొట్టువాడు లేడు. నలభై నాలుగేళ్ళొచ్చినా నా గుమ్మం నేను తప్ప ఎవరూ తొక్కరంటే ఊరికే కాదు. మీకు నిద్రొస్తే నాకు అన్నమొస్తుందా అని ఒకరోజు అనేశాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారే, అదీ నా బతుకు.

ఏప్రిల్ మొదట్లో యర్రమ్మ పిన్ని వచ్చి, సిస్టర్ వేరే గది చూసుకుంటోందనీ, నెలాఖరుకి వెళ్ళిపోతుందనీ చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నాకు పని సాగలేదు. పొద్దున్న ఏడున్నరకి గేటు చప్పుడవుతుంది. కాసేపటికి పెరట్లో చెంబు చప్పుడు, తర్వాత గోడ అవతల మంచం కిర్రుమంటుంది. నా రోజు మొత్తంలో ఇంకో మనిషి ఉన్నట్టు తెలిసేది అప్పుడే. ఆవిడ వెళ్ళిపోతే అదీ ఉండదు. సిగ్గెందుకు, నాకు భయమేసింది.

ఎలాగైనా ఆవిణ్ణి ఉంచాలి. అంటే ఫ్యాన్లు పీకెయ్యాలి. మరి వేడి ఎటు పోవాలి? నీళ్ళతో లాగే పద్ధతి ఒకటుంది. మిషనులో వేడెక్కే ముక్కల మీద రాగి దిమ్మలు బిగించి, వాటిలోంచి పంపుతో నీళ్ళు తిప్పి, వేడెక్కిన నీళ్ళని బయట చల్లార్చి మళ్ళీ లోపలికి పంపాలి. బయట రేడియేటరు పెడితే ఉప్పుగాలికి ఆర్నెల్లు ఆగదు, పైగా దానికో ఫ్యాను. జంగ్లీఘాట్‌లో బోటింజన్లు బాగుచేసే మల్లేశుని అడిగితే, పడవ కింద సముద్రం ఉండగా రేడియేటరెవడు పెడతాడు, గొట్టం నీళ్ళలో ముంచు అన్నాడు. నాకు సముద్రమంటే పెరట్లో ఉన్న రెండు వందల లీటర్ల నీలం డ్రమ్మే. మూడు రోజులకోసారి ఇంటి కుళాయికి వచ్చే నీళ్ళు అందులో పట్టుకుని ఇద్దరం స్నానాలకి వాడుకుంటాం.

దిమ్మలూ పంపూ మద్రాసు నుంచి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఈలోగా ఫ్రిజ్‌ల మెకానిక్కు దగ్గర పది మీటర్ల రాగి గొట్టం కొన్నాను. లోపల ఇసుక పోసి పెయింటు డబ్బా చుట్టూ మెల్లిగా చుట్టాను, ఇసుకుంటే గొట్టం నొక్కుకుపోదు. తర్వాత ఇసుకంతా కడిగి, ఆ చుట్టని డ్రమ్ములో దించి, కిటికీ చువ్వల్లోంచి ప్లాస్టిక్ గొట్టాలు లాగి కలిపాను. గొట్టాల్లో తిరిగేది బ్యాటరీల్లో పోసే నీళ్ళు, అవి డ్రమ్ము నీళ్ళతో కలవవు. మిషను ఆన్ చెయ్యకుండా ఒక రోజంతా పంపు తిప్పి, ప్రతి జాయింటు కిందా పేపరు పరిచి తడి చూశాను. ఒకచోట బొట్టు కారింది, క్లాంపు బిగించాను. ఇక గొట్టాల్లో గాలి తియ్యాలి. ఒకరు పెట్టెని అటూ ఇటూ వంచుతుంటే ఇంకొకరు నీళ్ళు పొయ్యాలి. ఇంకొకరెక్కడున్నారు నాకు? పెట్టె మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గరాటు పళ్ళతో పట్టుకుని పోశాను. ఎవరైనా చూస్తే నవ్వి చచ్చేవాళ్ళు.

నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా మిషను ఆన్ చేశాను. చప్పుడే లేదు. ఆ రోజు సిస్టర్ సాయంత్రం దాకా పడుకుంది. తర్వాత సామాను కట్టలేదు. చూద్దాంలే అందని పిన్ని చెప్పింది.

జూన్‌లో మొదటి వానలకి ఒక పొద్దున్న సిస్టర్ తడిసి ముద్దై వచ్చింది. రెండు చెంబులు పోసుకుని, నీళ్ళు వేడిగా ఉన్నాయేటి పిన్నీ ఇవాళ అని కేకేసి నవ్వింది. కిటికీ ఇవతల నేను విన్నాను. ఆ వేడి నాది. నా వల్ల ఒక మనిషి నవ్వడం నాకు కొత్త.

ఆ రోజు నుంచి నాకింకో ఉద్యోగం. ఆవిడ డ్యూటీ దిగి వచ్చేసరికి డ్రమ్ము వెచ్చబడాలని ముందురోజు మధ్యాహ్నమే మిషను ఆన్ చేసేవాణ్ణి. ఆర్డర్లు లేకపోతే పాత ఇంటి బొమ్మనే మళ్ళీ మొదట్నుంచి చేయించేవాణ్ణి. నిజానికి ఆ నీళ్ళు నాకు పడేవి కావు, పోసుకుని తుడుచుకునేలోపే చెమట. ఆవిడ కోసం ఓర్చుకున్నాను. జులైలో చెంబు చప్పుడు తగ్గింది. వెచ్చటి నీళ్ళు కదా, పొదుపుగా వాడుకుంటోందనుకున్నాను. పొద్దున్నే బకెట్టుతో వీధిలోకెళ్ళేది. మొక్కలకేమో అనుకున్నాను. మనిషి అనుకోవాలే గానీ ఎంతైనా అనుకోగలడు.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఆవిడే వచ్చి నా గుమ్మంలో నిలబడింది. కుర్చీ మీది చొక్కాలన్నీ తీసి మంచం మీద పడేశాను. కూర్చోలేదు. డ్రమ్ములో గొట్టం నాదేనా అని అడిగింది. నాదేనన్నాను. ఆవిడ థాంక్స్ చెబితే పర్వాలేదు సిస్టర్, ఇందులో ఏముంది అనాలని మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

"అది తీసేస్తారా భయ్యా? రాత్రంతా వార్డులో ఉడికిపోయి వస్తాను. నాలుగు చెంబులు చన్నీళ్ళు పడితే గానీ నిద్ర పట్టదు. రెండు నెలలుగా వీధి కుళాయి నుంచి మోసుకుంటున్నాను. మీకు చెబుదామంటే..."

అక్కడ ఆగిపోయింది. చెబితే నేనేమంటానో అని భయం. అది నాకూ తెలుసు. ఈ ఊళ్ళో వేడినీళ్ళు ఎవడికి కావాలి? నాకే అక్కర్లేదు. తడిసి చలేసిన ఒక్క రోజు నవ్వింది, ఆ ఒక్క నవ్వు పట్టుకుని నేను మూడు నెలలు వెళ్ళదీశాను. ఇవాళే తీసేస్తానన్నాను. వేరే డ్రమ్ము కొనుక్కుని అవతల పెట్టుకుంటానన్నాను. అసలు సంగతి చెప్పలేదు. ఏమని చెప్పాలి?

ఆవిడ ముఖం తేలికపడింది.

"గది మారే మాట మానేశాను భయ్యా. ఇప్పుడెంత హాయిగా ఉందో. పక్కన మనిషే లేనట్టుంది."

మెచ్చుకోలుగానే అంది. ఇంత మర్యాదగా నాతో ఎవరైనా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. థాంక్స్ సిస్టర్ అన్నాను. ఆవిడ వెళ్ళి తలుపు వేసుకున్నాక ఇంకోసారి అన్నాను, బయటికి వినపడకుండా.