ఎస్తేరు వేళ్లు ఆగిన చోట

నేను ఒక తాడును. బావి తాడును కాను, కొండలెక్కే తాడును. ఏదో మిల్లులో నైలాన్ పోగులు పేని, ఇద్దరి బరువు ఆపుతుందని చీటీ అంటించి అమ్మారు. బరువు మోయడం పుట్టుకతో వచ్చింది. భయం మాత్రం మనుషుల దగ్గరే అబ్బింది.

నన్ను కొన్నది విశాఖపట్నం వింధ్యావళి. ఆడవాళ్లకు కొండలేమిటని ఊరంతా నవ్వే రోజుల్లో హిమాలయాలకు వెళ్లిన మనిషి. నా ఒక కొస ఆమె నడుముకు, రెండోది ఆమె నేస్తం ఎస్తేరు నడుముకు. ఎక్కేముందు ఎస్తేరు నన్ను మూర మూరా వేళ్లతో తడిమేది, ఎక్కడైనా పోగు తెగిందేమోనని.

ఒక మధ్యాహ్నం కాలికింద మంచు విరిగి ఎస్తేరు లోతైన పగుల్లో పడి నా కొసన వేలాడింది. వింధ్యావళి మంచుగొడ్డలి దిగేసి బోర్లా పడుకుంది. గాలి హోరులో ఒకరి కేక ఒకరికి అందదు. రెండు గంటలు. వింధ్యావళి అంగుళం అంగుళం అంచుకు జారుతోంది. చివరికి ఆమె చెయ్యి జేబులోకి వెళ్లింది. చిన్న కత్తి నా ఒంటిమీద ఆనింది, కొన్ని పోగులు తెగాయి. అంత భయం నేను ముందెన్నడూ ఎరగను. ఇంతలో ఆమె ఏడుస్తూ కత్తి విసిరేసింది. వెనక వస్తున్న మా జట్టు చేరుకుని ఇద్దరినీ లాగింది.

ఆ తర్వాత ఆమె కొండ ఎక్కలేదు. నేరపరిశోధన నవలలు రాసింది, పదిహేడు. అన్నింట్లోనూ హంతకుడు చచ్చినవాడి ప్రాణస్నేహితుడే. ఎంత గొప్ప ఊహ అని జనం శాలువాలు కప్పారు. ఊహట! నన్ను మాత్రం ఎస్తేరు కంటపడకుండా బీరువా అడుగున దాచింది.

నిన్న తాడు కోసే ఘట్టం రాయడానికి నన్ను బల్లమీద పెట్టుకుంది. చెప్పాపెట్టకుండా ఎస్తేరు వచ్చింది. "ఓలమ్మ, ఇదింకా ఉందేటే!" అంటూ నన్ను ఒళ్లోకి లాక్కుని, పాత అలవాటు కొద్దీ తడమసాగింది. వింధ్యావళి కాఫీ గ్లాసు ఆమె ముందుకు తోసింది. నలభై ఏళ్ల స్నేహం, ఇంకో మూర దాటితే ఆఖరు. నాకు ఒళ్లంతా బిగుసుకుపోయింది.

వేళ్లు ఆగాయి.

"ఇది రాయి కోసింది కాదు," అంది ఎస్తేరు.

"కాదు, నేనే," అంది వింధ్యావళి. "జారిపోతన్నానే. భయమేసీసింది."

ఎస్తేరు మిగిలిన తాడంతా గబగబా లాగి, తన నడుముకు కట్టుకునే రెండో కొస దగ్గర వింధ్యావళి వేలు పట్టుకుని ఆనించింది. అక్కడ ఇంకో గాటు. ఇన్నేళ్లూ అది మంచు అంచు కోసిందనుకున్నాను.

"నువ్వు జారిపోతన్నావని కిందనున్న నాకు తెలీదేటి? నువ్వైనా బతుకుతావని కత్తి తీసేను," అంది ఎస్తేరు. "సగంలో చావంటే భయమేసి మానీసేనే. నీకు చెప్పడానికి ఇన్నాళ్లూ సిగ్గేసింది."