వీడియోలోని గొంతు

శ్రీ సిటీలోని ఆ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనానికి అరగంట ఇస్తారు. స్రవంతి క్యారియర్ విప్పి రెండు ముద్దలు తిన్నదో లేదో, పక్కన కూర్చున్న కోమలి ఫోను తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టింది.

“అక్కా, ఇది సూడు. పూతలపట్టు కాడ యాక్సిడెంటంట. మీ ఊరి పక్కే గదా!”

తారురోడ్డు మీద ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. పైన ఎర్రక్షరాల్లో ‘గుండె ధైర్యం ఉన్నవాళ్లే చూడండి’ అని రాసి ఉంది. వెనకాల ఏదో ఏడుపు పాట. స్రవంతి ముఖం తిప్పుకోబోయి ఆగింది. ఆ మనిషి భుజం కింద నలిగిన పచ్చ తువ్వాలును పోయిన నెల తనే కొనిచ్చింది.

“మా నాయన” అంది. కోమలి చేతిలో ఫోను జారి సాంబారులో పడింది.

ఆమె తిరుపతి ఆసుపత్రికి చేరేసరికి నాయన మునిరత్నాన్ని ఆపరేషన్‌కు సిద్ధం చేస్తున్నారు. బి నెగటివ్ రక్తం కావాలన్నారు, దొరకడం కష్టమనీ అన్నారు. స్రవంతి వరండాలో నిలబడి, తెలిసిన గ్రూపులన్నిటికీ మెసేజ్ పెట్టింది. రెండు గంటలు తిరక్కుండానే నగరి నుంచి ఒక మరమగ్గాల కార్మికుడు బస్సు దిగి వచ్చాడు. పేరు కుప్పుస్వామి. “మా మచ్చాన్, అదే మా బామ్మర్ది, పంపించినాడుమా మీ మెసేజీ” అన్నాడు, అప్పటికే చొక్కా చెయ్యి మడుచుకుంటూ. ఆ పూట ఫోనుకు దండం పెట్టాలనిపించింది స్రవంతికి. కాలు తీసేశారు గానీ ప్రాణం నిలిచింది.

మూడో రోజు, ఇక భయం లేదని డాక్టరు చెప్పాక, ఆమె ఆ వీడియోను మళ్లీ తెరిచింది. నాయనను ఆసుపత్రికి చేర్చిందెవరో తెలుసుకుందామని. మూడు నిమిషాల నలభై సెకన్లు. వేరుశనక్కాయలు అమ్మే ముసలామె ఒకతె అటూ ఇటూ పరుగెడుతూ “ఎవురైనా ఫోన్ చేయండయ్యా!” అని అరుస్తోంది. చివరికి ఒక లారీ డ్రైవరును పట్టి లాగి, అతని చేత ఫోను చేయించింది. పాట కింద ఇంకో గొంతు వినిపించింది, ఫోనుకు బాగా దగ్గరగా.

“జరగండప్పా, మొగం పడలేదు.”

స్రవంతి నాలుగు సార్లు విన్నది. తరవాత బాత్రూములోకి పోయి వాంతి చేసుకుంది. ఆ గొంతు గుణశేఖర్‌ది. పెదనాయన కొడుకు. మొదటి రోజు ఆసుపత్రిలో స్రవంతి అమ్మ రాఘవమ్మ చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చినవాడు.

మధ్యాహ్నం అతను బత్తాయిల సంచితో వచ్చాడు.

“అన్నా, వీడియో తీసింది నువ్వేనా?”

గుణశేఖర్ తలుపు వైపు చూశాడు. “తీస్తే తప్పేముండాదిమ్మా? నేను పెట్టబట్టే గదా నీకు తెలిసింది.”

అది నిజమే. నిజం కావడంతో ఆమెకు మరింత రోత పుట్టింది.

“నా నంబరు నీ కాడ లేదా?”

“గాబరాలో తోచలా.”

“గాబరాలో పాట పెట్టేదానికి తోచిందా?”

“జనానికి జాగ్రత్త వస్తాదని పెట్టినాను. నలభై వేల మంది సూసినారు తెలుసా?” అన్నాడు. అంటున్నప్పుడు అతని కళ్లలో ఒక మెరుపు వచ్చి పోయింది. రాఘవమ్మ సంచిని తన దగ్గర నుంచి కాలితో జరిపేసింది.

అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్న మునిరత్నం మాట్లాడాడు. “నేను వాణ్ని గుర్తుపట్టినాను పాపా. మా గుణ వచ్చినాడు, ఇంక భయం లేదనుకున్నాను. నీళ్లడిగినాను.”

వీడియోలో నాయన పెదాలు కదలడం స్రవంతి చూసింది. మాట మాత్రం పాటలో కలిసిపోయింది.

“తీసేస్తా చిన్నాయనా, ఇదో, తీసేస్తి” అంటూ గుణశేఖర్ ఫోను నొక్కి, ఏదో మేలు చేసినట్టు తలెత్తాడు.

“కంప్లైంటు పెడతాండాను. నీ పేరు మీదనే” అంది స్రవంతి.

“సొంత అన్న మీదా? చిన్నాయనా, నువ్వైనా సెప్పు!”

మునిరత్నం దుప్పటి కింద ఖాళీగా ఉన్న చోటును చేత్తో తడిమాడు. “పెట్టుకో పాపా” అన్నాడు.

వారానికి పోలీసులు గుణశేఖర్‌ను చిత్తూరుకు పిలిపించి, ఫోను తీసుకుని, కేసు రాశారు. పెదనాయన ఇంటివాళ్లు మాటలు మానేశారు. వీడియో మాత్రం చావలేదు. ఎక్కడెక్కడి పేజీల్లోనో కొత్త పాటలతో తిరుగుతూనే ఉంది. కింద నవ్వు బొమ్మలు కూడా పెట్టారు.

ఆ లింకులన్నీ పోలీసులకు పంపుదామని స్రవంతి తన ఫోనులో వెతుకుతూంటే ఇంకో వీడియో బయటపడింది. రేణిగుంట రోడ్డు, లారీ కింద ఎవరో కుర్రవాడు. నాలుగు నెలల కిందటిది. ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టింది తనే. కింద తన మాటలే, ‘అయ్యో పాపం, చూడండి’. అతను బతికాడో లేదో అప్పుడు తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఆ రోజు క్యారియర్‌లో అన్నం మొత్తం తినేసిన సంగతి గుర్తొచ్చింది. తన మీద తనకే కంపరం పుట్టింది.

ఇంకెప్పుడూ అట్లాంటివి చూపించొద్దని కోమలికి రాయబోయింది. రాసింది చెరిపేసి, ‘ఇట్లాంటివి ముందు పంపింది నేనే కోమలీ’ అని పెట్టింది.