ఉరుకుందమ్మ వేసిన జిల్లా

మాది కృష్ణా డెల్టా. కర్నూలు సీమలో తుమ్మముళ్లు తప్ప మరేమీ పూయదని నా గట్టి నమ్మకం. అలాంటి నన్ను కలెక్టరు దొర తన బంగళా తోటకు సూపర్వైజరుగా వేసుకున్నాడు. 1936 జనవరిలో రైతుల ప్రదర్శన పెడుతున్నామనీ, బంగళా ముందు జిల్లా పటమంతా కనిపించేలా పూలమడి వేయమనీ హుకుం. మడి బాగుంటే ఉద్యోగం ఖాయం, లేదంటే నా దారి నాది.

మద్రాసు నుంచి తెప్పించిన విలాయతి విత్తనాలు మొలిచినట్టే మొలిచి అక్టోబరు ఎండకు మాడిపోయాయి. నా నోట్లో మట్టేనని తల పట్టుకు కూర్చున్నాను.

తోటలో నీళ్లు పోసే ఉరుకుందమ్మ వచ్చి నిలబడింది. యాభై దాటిన మనిషి.

"ఈ నేలకు తెలిసిన గింజలే ఏద్దాం సామీ. ఈడ ఏది ఎప్పుడు పూస్తాదో నాకు ఎరుకే."

"పూలమడి అడిగితే చేను వేస్తావా?" అని కసిరాను. కానీ గతిలేనమ్మకు గంజే పానకం. సరేనన్నాను.

ఆమె పటం అన్నది చూసి ఎరగదు. కోతల కూలికి జిల్లా అంతా కాలినడకన తిరిగింది, అంతే. పిడికిట్లో బూడిద పట్టుకుని, వంగి, నేల మీద గీత పోసుకుంటూ పోయింది. "ఇది తుంగభద్ర. ఈడ్నుంచి రెండు దినాలు నడిస్తే నందేల. ఆ పక్కంతా నల్లమల."

తప్పులు పట్టుకుందామని సర్వే పటం తెచ్చి పక్కన పరిచాను. ఏరు వంపు తిరిగిన చోటల్లా ఆమె గీతా వంపు తిరిగింది. పటం చుట్టి చంకన పెట్టుకున్నాను.

కుసుమలు ముందు, అవిసెలు తర్వాత, ధనియాలు చివర, అన్నీ ఒకేసారి పూసేలా దినాలు లెక్కపెట్టి విత్తింది.

ప్రదర్శన నాడు పొద్దున చూశాను. తుంగభద్ర పొడవునా ధనియాల తెల్లపూలు. నంద్యాల నల్లరేగడి మీద అవిసెల నీలం. నాపరాళ్లు పేర్చిన నల్లమల సందుల్లో అప్పుడే కోసి గుచ్చిన తంగేడు కొమ్మలు. అహోబిలం దగ్గర ఒక బంతిమొక్క, సర్కారు పటంలో పక్క జిల్లావే అయినా ఆమె వదలని ఉరుకుంద ఈరన్న గుడి దగ్గర ఒకటి, ఆదోని దర్గా దగ్గర ఒకటి. చుట్టూ కుసుమల కంచె. గాలి వీస్తే జిల్లా మొత్తం కదిలింది. ఇంత అందం ఈ నేలలో ఉందని ఇన్నాళ్లూ తెలియనందుకు సిగ్గేసింది.

దొర వచ్చి మడి అంచున నిలబడ్డాడు. "ఇవి పూలా, పంటలా?" అన్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

అంతలో రైతులు గుంపుగా లోపలికి వచ్చారు. ముందున్న ముసలాయన మడి అంచు వెంట చూసుకుంటూ పోయి, నల్లమల కింద ఆగి, చెప్పులు విడిచాడు. వెనకవాళ్లూ ఒక్కొక్కరే విడిచారు. ఎందుకని దొర అడిగాడు.

"పంట నిలబడిన నేల గదా సామీ," అన్నాడు ముసలాయన. "మా ఊరు గూడా ఈడనే ఉండాది."

దొర మెట్టు మీద కూర్చుని బూటు లేసులు విప్పుకున్నాడు. నా ఉద్యోగం నిలబడిందని అర్థమైంది. సంతోషం మాత్రం కలగలేదు. మూడు నెలలుగా ఆ మడిలో బూట్లతో తిరిగింది నేనొక్కణ్ణే.