మాస్టరుగారి వెనక కొలత

మా ఆయన చొక్కాలు ఆయనే కత్తిరించి కుట్టుకుంటారు. ముప్ఫై ఏళ్ళుగా వాటికి ఇస్త్రీ చేసేది నేను. అయినా ఆయన వీపు ఎప్పుడు వంగిందో ఇద్దరిలో ఒక్కరమూ గమనించలేదు. గమనించడానికి ఆయన పనితనమే అడ్డం. మెడ కింద ఒక్క ముడత ఉండదు, అంచు ఎక్కడా పైకి లేవదు. అంత చక్కగా కూర్చున్న చొక్కాలో మనిషి వంగి ఉన్నాడని ఎవరికి తోస్తుంది?

ఆయన టైలరు. మా వీధి చివర మందుల షాపు ఎదురుగా దుకాణం. అందరూ మాస్టరుగారు అంటారు. మనిషి మెట్లెక్కి లోపలికొచ్చేలోపే ఏ భుజం కిందికి జారిందో, ఏ మెడ ముందుకు వచ్చిందో చూసేస్తారు. నోటితో ఒక్క మాట అనరు. జారిన భుజానికి లోపల ఒక పొర ఎక్కువ వేస్తారు, పొట్ట ఉన్నవారికి ముందు భాగం కాస్త పెంచుతారు. "మనిషిని దిద్దడం నా పని కాదు, బట్టని దిద్దడమే నా పని" అనేవారు.

ఒక రోజు పొద్దున్న పదకొండింటికి, దుకాణంలో కాజాలు కుట్టే ఆమె చెప్పులు కూడా విప్పకుండా నా వంటగది గుమ్మం దాకా వచ్చింది.

"అక్కా, మాస్టరుగారి చేతిలోంచి కత్తెర జారిపడింది. కాలికి వెంట్రుకవాసిలో తప్పింది. ఇది మొదటిసారి కాదు, మూడోసారి. నేను చెప్పానని మాత్రం చెప్పకు."

ఆ సాయంత్రం అడిగితే, కుడిచేతి వేళ్ళు రెండు నెలలుగా తిమ్మిరెక్కుతున్నాయని ఒప్పుకున్నారు. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మెడకి ఎక్స్‌రే ఫోటోలు తీశారు. తల వంచి, భుజాలు ముందుకు వేసి ఏళ్ళ తరబడి నిలబడటంతో మెడ దగ్గర నరం నలుగుతోందని చెప్పారు. మూడు నెలలు వ్యాయామం చేయించి చూద్దాం, తిమ్మిరి తగ్గకపోతే కత్తెర పక్కన పెట్టాల్సిందే అన్నాడు డాక్టరు. తిరుగుదారిలో ఆయన జేబులో కుడిచెయ్యి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండటం బట్టమీంచి కనిపిస్తూనే ఉంది.

వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ మా పెద్దమ్మాయి వయసుది. కుడి భుజానికి ఇంత బరువు సంచి తగిలించుకుని ఇంటికే వచ్చింది. రాగానే ఆయన్ని హాల్లో గోడకి ఆనుకుని నిలబడమంది. మడమలు ఆనాయి, నడుము కింది భాగం ఆనింది, వీపు ఆనింది. తల ఆనలేదు. గోడకీ తలకీ మధ్య తన చెయ్యి పెట్టి చూసి, "ఆంటీ, మీరూ పెట్టి చూడండి" అంది. నా నాలుగు వేళ్ళూ సుఖంగా పట్టాయి. అన్నంలో చిన్న రాయి ఉన్నా పట్టుకునేదాన్ని, అంత సందు కళ్ళముందు పెట్టుకుని చూడలేదు. సిగ్గేసింది.

ఆవిడ నేర్పినవి చూడటానికి ఏమీ లేనట్టే ఉన్నాయి. గోడకి ఆనుకుని, గడ్డం పైకెత్తకుండా తలని వెనక్కి జరపాలి. చేతులు గోడని వదలకుండా పైకి పాకించి, కిందికి దించాలి. రెక్కల ఎముకల మధ్య పెన్సిల్ ఇరికించి పట్టుకున్నట్టు భుజాలు వెనక్కి బిగించాలి. గుమ్మంలో రెండు చేతులూ చట్రానికి ఆన్చి ఛాతీ ముందుకు చాపాలి. ఒక్కొక్కటి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. దుకాణంలో అరగంటకోసారి తల ఎత్తి భుజాలు వెనక్కి తిప్పాలి.

"ఇంతేనా?" అన్నారాయన. "మొక్కై వంగనిది మానై వంగదంటారు కదమ్మా. నేను మొక్కగా ఉన్నప్పుడే బల్లమీదికి వంగాను. మానయ్యాక ఇంకేం లేస్తాను?"

"లేస్తారు మాస్టరుగారూ. కాస్త కిర్రుమంటారు, అంతే."

లోపలి గదిలోంచి మా అత్తయ్య అందుకున్నారు. "వాడికి వీపొక్కటే వంగింది తల్లీ, నోరెప్పుడూ వంగలేదు!"

ఆ అత్తయ్యే బల్ల సంగతి తేల్చారు. దుకాణంలో బట్ట కత్తిరించే బల్ల ఎంత ఎత్తని డాక్టరమ్మ అడిగితే ఈయన నసిగారు. అది మా మామగారు చేయించుకున్న బల్ల. ఆయన పొట్టి, ఈయన పొడుగు. ఆ బల్లని కదపడమంటే మామగారినే కదిపినట్టని ఇన్నేళ్ళూ ఎవరం నోరెత్తలేదు. అత్తయ్య ఒక్కమాటలో తేల్చేశారు. "మీ నాన్న చొక్కా నీకు పడుతుందట్రా? పట్టదుగా. మరి ఆయన కొలతకి చేయించుకున్న బల్ల ఎలా పడుతుందనుకున్నావు?" ఆ వారమే వడ్రంగి వచ్చి నాలుగు కాళ్ళ కింద జానెడు ఎత్తు దిమ్మలు బిగించి వెళ్ళాడు.

ప్రతి ఆదివారం గోడ దగ్గర నా వేళ్ళతో సందు చూసేదాన్ని. మూడు వారాలదాకా నాలుగు వేళ్ళే. నాలుగోవారం మూడు. ఆరోవారం రెండే పట్టాయి. నేను లోలోపల ఎగిరి గంతేస్తుంటే, ఆయన ఆ మర్నాడే గోడ దగ్గరికి రావడం మానేశారు.

"గొంతు పట్టేస్తోంది. రోజంతా ఎవరో కాలరు పట్టుకుని లాగుతున్నట్టుంది. చేతులకోసం చూసుకుంటే ఉన్న మెడ కూడా పోయేట్టుంది" అన్నారు.

"డాక్టరమ్మని అడుగుదామండీ."

"అడిగితే ఇంకో పదిసార్లు చెయ్యమంటుంది. నాకొద్దు."

గోడకి చెప్పుకున్నా, ఆయనకి చెప్పుకున్నా ఒకటే. రెండు రోజులు గడిచాయి. అప్పటికే ఒకటిన్నర నెల అయిపోయింది. మూడు నెలలు దాటితే కత్తెర ఉండదన్న మాట నా చెవిలో గడియారంలా కొట్టుకుంటూనే ఉంది. ఆయనకి తెలియకుండా డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "రోజంతా అంటున్నారు గానీ, సరిగ్గా ఎప్పుడు పట్టేస్తోందో చూడండి ఆంటీ" అంది.

చూశాను. పొద్దున్న బనియన్‌తో పేపరు చదువుతున్నప్పుడు చెయ్యి గొంతుకి పోలేదు. పళ్ళు తోముకుంటున్నప్పుడూ పోలేదు. చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నారో లేదో, వేలు కాలరులోకి దూరింది.

ఆయన దుకాణానికి వెళ్ళగానే ఇస్త్రీ బల్లమీద ఒక చొక్కా పరిచాను. పక్క కుట్లు కలిపి పట్టుకుని ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పోల్చాను. వెనక బాగా ఎక్కువ, ముందు ఆ మేరకు తక్కువ. వంగిన వీపుమీద పరుచుకోవడానికి వెనక అంత బట్ట, వాలిన ఛాతీకి ముందు అంత చాలు. ఇప్పుడు ఛాతీ లేచింది, చొక్కా లేవలేదు. గొంతు నొక్కుతున్నది అదే. బీరువా అడుగునుంచి మా పెళ్ళైన కొత్తల్లో కుట్టుకున్న చొక్కా తీశాను. అది ఉండాల్సినట్టే ఉంది. మధ్య ఏళ్ళది తీస్తే వెనక ఒక వేలు ఎక్కువ. ఇప్పటిదానికి రెండు వేళ్ళు. ఆయన వంగుతూ వచ్చిన ఏళ్ళన్నీ నా చేత్తోనే మడతపెట్టి బీరువాలో దాచాను.

మధ్యాహ్నం భోజనానికి వచ్చి చెయ్యి కడుక్కుంటుండగా చెప్పాను. "ఏమండీ, తప్పు మెడది కాదు. చొక్కాది."

తువ్వాలు చేతిలోనే ఆగిపోయింది. "ఏమిటీ?"

"చొక్కాలో తప్పుంది."

"నా చొక్కాలోనా?" ముప్ఫై ఏళ్ళలో ఆ మాట ఆయనతో అన్నవాళ్ళు లేరు. "మెడలో తప్పుందను, వెన్నులో తప్పుందను, పడతాను. నేను కత్తిరించిన చొక్కాలో తప్పంటావా?"

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అన్నారు అత్తయ్య కంచం ముందు కూర్చుంటూ. "చూస్తే నీ సొమ్మేం పోయింది, చూడరా."

మూడు చొక్కాలూ మంచంమీద వరసగా పరిచి ఉంచాను. ఆయన వంగి చూశారు. టేపు పెట్టలేదు, ఆయనకి అక్కర్లేదు. మధ్య చొక్కా కాలరుమీద బొటనవేలితో రాస్తూ అన్నారు.

"కాలరు వెనక్కి లాగినప్పుడల్లా, తరవాతి చొక్కాకి వెనక ఒక గీత పెంచేవాణ్ణి. బట్టలో నాణ్యత తగ్గిపోయింది, ఉతికితే ముడుచుకుపోతోంది అనుకునేవాణ్ణి. బట్టల షాపువాడితో ఎన్నిసార్లు పోట్లాడానో నీకు తెలుసుగా." నవ్వబోయి ఆగారు. "ముడుచుకుపోయింది నేనా!"

అన్నం చల్లారిపోతోందని అత్తయ్య కేకేశారు. ఆయన మాత్రం చొక్కా విప్పి వంకీకి తగిలించి, బనియన్‌తో వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డారు. చేతులు పైకి పాకించి, కిందికి దించారు. పది లెక్కపెట్టేదాకా అత్తయ్య కూడా ముద్ద ఎత్తలేదు.

ఆ తర్వాత నేను గుర్తు చేయాల్సిన పని పడలేదు. మూడో నెల చివర ఆసుపత్రిలో డాక్టరు ఆయన చేత పిడికిలి బిగింపించి, వేళ్ళ కొసలు సూదితో తాకి చూశాడు. చిటికెనవేలి చివర కాస్త తిమ్మిరి మిగిలింది. "కత్తెర వదలక్కర్లేదు. గోడని కూడా వదలకండి" అన్నాడు. బయటికొచ్చాక వరండాలో బెంచీమీద ఇద్దరం కూర్చున్నాం. నా కళ్ళు తుడుచుకోవడానికి ఆయన జేబురుమాలు ఇచ్చారు, కుడిచేత్తో.

మర్నాడే డాక్టరమ్మకి తెల్లకోటు కత్తిరించారు. ఆవిడ మా ఇంటికే వచ్చి తొడుక్కుని అద్దంలో చూసుకుంది.

"మాస్టరుగారూ, కుడివైపు కాస్త వదులుగా ఉందేమో?"

"కోటు సరిగ్గానే ఉందమ్మా. మీ కుడి భుజమే కిందికుంది. ఇంకొకరికైతే లోపల ఒక పొర వేసి దాచేసేవాణ్ణి. మీకు వెయ్యను. ఆ సంచి ఎడమ భుజానికి మార్చి, పొద్దునా సాయంత్రం గోడ దగ్గర నిలబడండి. మూడు నెలల్లో కోటు సరిపోతుంది."

ఆ పిల్ల నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి వంగి ఆయన కాళ్ళవైపు చెయ్యి చాపబోతే, "వంగకండి, వంగకండి!" అని ఆయన వెనక్కి గెంతారు.

ఆవిడ వెళ్ళాక టేపు తెచ్చి నా చేతిలో పెట్టారు. "నాకు కొలతలు తియ్యి."

ఆయనకి ఎవరూ కొలతలు తీయగా నేను చూడలేదు. ఎప్పుడో కత్తిరించి పెట్టుకున్న చొక్కా నమూనా కాగితాన్నే గీతలు మారుస్తూ వాడుకునేవారు. గోడ దగ్గరే నిలబెట్టి మెడనుంచి నడుము దాకా టేపు జార్చాను.

"వదులుగా పట్టకు. కిందికి లాగకు. కళ్ళద్దాలు పెట్టుకున్నావా?"

"కదలకుండా నిలబడండి, మాస్టరుగారూ."

వెనక కొలత చెప్పాను, రాసుకున్నారు. పాత కాగితం తీసి చూసుకుని, రెండు ముక్కలుగా చింపారు.

ఆయన పక్కకి తప్పుకున్నాక చూశాను. గోడమీద, ఆయన తల ఆనేచోట, గుండ్రంగా జిడ్డు మరక. తెల్లగోడమీద వేలిముద్ర పడితే ఇల్లంతా ఏకం చేసే మనిషిని నేను. తడిగుడ్డ తీసుకుని గోడ దాకా వెళ్ళి, చుట్టూ ఉన్న దుమ్ము మాత్రం తుడిచి వచ్చేశాను.