పదిహేడో మూస

గొట్టం చివర ముక్కు పెట్టి రసూల్ గట్టిగా పీల్చాడు. మాచర్ల రైలు స్టేషను వెనక రేకుల షెడ్డులో మూడేళ్లుగా అతని ఉద్యోగం అదే.

మట్టిమూసలో కాల్చిన నల్లరాయి పొడిని గొట్టంలో వేసి, కింద బొగ్గు రాజేసి, నత్రజని, ఉదజని అనే రెండు గాలులు పంపితే అమ్మోనియా పుట్టాలి. ఎరువుకి అదే మూలం. ఆ పొడిని షెడ్డు మీదున్న సర్కారు ఆఫీసరు కాటలిస్టు అనేవాడు, రసూల్ తోడు అనేవాడు. చుక్క పడితే పాలు పెరుగైనట్టే కదా. యుద్ధం మూలాన అమ్మోనియాని పసిగట్టే పరీక్ష కాగితాలు సీమ నుంచి రావడం మానేశాయి. ముక్కులు మాత్రం స్వదేశీ సరుకు. ఆఫీసరు తన ముక్కుని అత్తరు రుమాల్లో దాచుకుని, రసూల్ ముక్కుని సర్కారు సామాన్లలో కలిపేశాడు.

రసూల్ కనురెప్పలకి వెంట్రుకలు మిగల్లేదు. ముక్కు కింద తోలు చిట్లి చీము పట్టి ఈగలకి అడ్డా అయింది. ఉమ్మితే నలుపు, దగ్గితే ఎరుపు. భార్య సైదాబీ కూడా గాలివాలు చూసుకున్నాకే అతని పక్కన అన్నానికి కూర్చునేది.

శనివారంలోగా సగం బొగ్గుతోనే వాసన రాకపోతే షెడ్డు మూత అని సర్కారు తాఖీదు. ఇవాళ గురువారం.

"ఒరేయ్ చిన్నకోటయ్యా, తిత్తి ఆపు," అన్నాడు రసూల్, గాలి ఊదే కుర్రాడితో.

"ఏంది మామా, బొగ్గింకా సగం కూడా రాజుకోందే."

"వాసన వచ్చిందిరా. చానా ఘాటు."

ముక్కు తప్ప రసూల్ మొహమంతా నవ్వింది.

ఆఫీసరు రుమాలు తీయకుండానే వచ్చాడు. "ఈ పదిహేడో మూసలో ఏమిటి తేడా?"

"బిందెలు తోమినట్టు పొగాకు కట్టెల బూడిదతో తోమా సార్. తొలవటానికి నీళ్లు చాల్లేదు, అడుగున కాస్త ఉండిపోయింది. దాని గుణమేమో. ఒక్కసారి మీరూ వాసన చూడండి."

"బూడిదా! ఛీ, ఇదేమన్నా అంట్ల గిన్నెనుకున్నావా?" పొడినంతా తీయించి మురిక్కాలవలో పోయించాడు. 'పదిహేడు: అశుభ్రం' అని పుస్తకంలో రాసుకున్నాడు. ముక్కు మాత్రం గొట్టం దగ్గరికి తేలేదు.

రసూల్ ఖాళీ మూసని ఒళ్లో పెట్టుకుని, పక్కన తడిపిన బూడిద పెట్టుకుని కాలవగట్టున చతికిలబడ్డాడు. "బొగ్గు తేరా. ఈసారి బూడిద కావాలనే ఉంచుదాం."

చిన్నకోటయ్య తట్టతో తిరిగొచ్చేసరికి రసూల్ షెడ్డు గోడకి ఒరిగి ఉన్నాడు. ఒక ఈగ అతని ముక్కులోకి వెళ్లి, తీరిగ్గా బయటికి వచ్చి, మళ్లీ వెళ్లింది. అతను తోలుకోలేదు.

"మామా," అన్నాడు చిన్నకోటయ్య. తట్ట దించలేదు.

ఆఫీసరు గుమ్మంలోంచే చూశాడు. "ముందక్కడ ఫినాయిలు చల్లండి."

చల్లారు. మూస దొర్లి కాలవ అంచున ఆగింది. లోపల రసూల్ కొత్తగా పూసిన తడి బూడిద ఎండుతోంది, దాని మీద నాలుగు వేళ్ల గీతలు సగం దాకా వచ్చి ఆగాయి.